చెల్కలో కౌజులు, పూరేడు పిట్టలు మళ్లీ నిలవాలంటే ఏం చేయాలి

"మా చెల్కలో పదేళ్ల కింద తెల్లారకముందే కౌజులు కూసేవి, ఇప్పుడు ఒక్కటీ వినబడతలేదు. ఎక్కడన్నా పిల్లలు దొరికితే తెచ్చి వదలొచ్చా?" దేవరకొండ వైపు నుంచి, కల్వకుర్తి నుంచి, నారాయణపేట నుంచి చాలామంది ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నారు. తెచ్చి వదలొద్దు. వదిలినా నిలవవు. మీ చుట్టుపక్కల కిలోమీటరు, రెండు కిలోమీటర్లలో ఎక్కడో నాలుగు జతలు మిగిలే ఉండొచ్చు, అవి మీ చెల్కలోకి వచ్చి గుడ్లు పెట్టి పిల్లలను లేపుకునేలా నేలను సిద్ధం చేస్తే చాలు. ఆ పని ఎలా చేయాలో, ఏది ముందు ఏది తర్వాతో వరుసగా రాస్తున్నాను. మా ఏడెకరాల చెల్కలో చేసి చూసినవి, తప్పు చేసి నేర్చుకున్నవి కూడా ఇందులో ఉన్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది తినడానికి పిట్టలను పెంచే పద్ధతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కౌజును గానీ పూరేడు పిట్టను గానీ వేటాడటం, ఉచ్చు వేసి పట్టడం, గుడ్లు తీయడం, గూడు చెడగొట్టడం అన్నీ నేరమే, అది మీ సొంత పట్టా భూమిలో అయినా సరే.

1. ముందు మీ దగ్గర ఏ పిట్ట ఉందో తేల్చుకోండి

పేర్ల దగ్గరే గందరగోళం మొదలవుతుంది. ఒక ఊళ్లో కౌజు అన్నదాన్ని పక్క ఊళ్లో కంజు అంటారు, చిన్న పిట్టలన్నిటినీ కలిపి బుర్క పిట్టలు అనేవాళ్లూ ఉన్నారు. పేరు ఏదైనా పరవాలేదు, కానీ ఒక్కోదానికి కావలసిన చోటు వేరు కాబట్టి తేడా తెలియాలి.

కౌజు: చిన్న నాటుకోడి పెట్టంత ఉంటుంది, బూడిద రంగు మీద సన్నటి అడ్డగీతలు, గొంతు చుట్టూ నల్లటి గీత. ఎగరడం కంటే పరుగెత్తడమే దీనికి ఇష్టం. పొద్దున, మాపున "క-టీ-టర్, క-టీ-టర్" అని ఊరంతా వినబడేలా కూస్తుంది. రాత్రి నేల మీద కాకుండా ముళ్లచెట్ల కొమ్మల మీద గుంపుగా పడుకుంటుంది.

పూరేడు పిట్ట: పిడికిలంత. వానాకాలం పూరేడు మగదానికి ఛాతీ మీద నల్లటి మచ్చ ఉంటుంది, రెండు దెబ్బల కూత కూస్తుంది. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పెద్ద పూరేడుది మూడు దెబ్బల కూత. వానాకాలంలో జొన్న చేలో "విట్-విట్" అని రెండేసి దెబ్బలు వినబడితే అది మీ దగ్గర గూడు పెట్టే పిట్టే అనుకోవచ్చు.

పొద పూరేళ్లు: ఇవి గుంపుగా ఉంటాయి. గడ్డిలో మీ కాలు పడేదాకా కదలవు, పడగానే పది పిట్టలు ఒక్కసారిగా బుర్రుమని నలుదిక్కులా లేస్తాయి. రాళ్ల గుట్టల అంచుల్లో, పొదల్లో ఉంటాయి.

మూడు వేళ్ల పూరేడు: చూడటానికి పూరేడే గానీ నిజానికి ఆ కుటుంబం కాదు. మెత్తటి దుబ్బలో అడుగు చూడండి, ముందుకు మూడు వేళ్లే ఉంటాయి, వెనక వేలు ఉండదు. దీనిలో ఆడదే పెద్దది, రంగు ఎక్కువున్నది, కూత కూసేది. గుడ్లు పొదిగేది, పిల్లలను తిప్పేది మగది. మొదటిసారి ఆ సంగతి తెలిసినప్పుడు నేను గంటసేపు గెట్టు మీద కూర్చొని అదే చూశాను.

ఇవి కాక బీడు నేలల్లో పావురంలా కనబడే శాండ్‌గ్రౌస్ ఉంటుంది, మట్టి రంగులో కలిసిపోతుంది. అమ్రాబాద్ వైపు రాళ్ల అడవిలో జిట్టకోళ్లు ఉంటాయి, గడ్డి ఎత్తుగా ఉన్న గుట్టల్లో చుక్కల కౌజు ఉంటుంది. చెల్క రైతు చేతిలో ఉన్నది ప్రధానంగా కౌజు, పూరేళ్లు కాబట్టి వాటి గురించే వివరంగా రాస్తాను.

వారం రోజులు చేయాల్సింది ఇంతే:
- పొద్దు పొడవడానికి అరగంట ముందు చెల్కకు పోయి, ఒకే చోట పది నిమిషాలు కదలకుండా నిలబడండి
- ఏ దిక్కు నుంచి ఏ కూత వచ్చిందో రాసుకోండి
- దుమ్ములో అడుగులు, దుమ్ముస్నానం చేసిన చిన్న గుంతలు, రాలిన ఈకలు వెతకండి
- కూత తెలియకపోతే ఫోన్‌లో రికార్డు చేసి, పిట్టల కూతలను గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో చూడండి, కానీ యాప్ చెప్పిందే వేదం అనుకోకుండా కంటితో కూడా చూసుకోండి

2. చెల్కను నడిచి పటం గీసుకోండి

తెల్ల కాగితం మీద చేను ఆకారం గీసి, నాలుగు రకాల చోట్లు గుర్తు పెట్టండి. ఈ నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటేనే కౌజు నిలుస్తుంది, ఒకటి ఈ మూలన, ఇంకొకటి అర కిలోమీటరు అవతల ఉంటే లాభం లేదు. పిల్లలతో అది బోడి నేల మీద అంత దూరం నడవలేదు.

- దాక్కునే చోటు: ముళ్లపొద, రేగు, పరికి, బలుసు, తుమ్మ కింది కొమ్మలు
- గుడ్లు పెట్టే చోటు: మోకాలెత్తు గడ్డి, పాత గడ్డి దుబ్బు మొదలు
- పిల్లలు మేసే చోటు: పైన ఆకు నీడ ఉండి కింద నడవడానికి ఖాళీ ఉన్న నేల, పురుగు ఎక్కువ ఉన్నది
- బోడి నేల: దుమ్ము స్నానానికి, ఎండ కాగడానికి, చిన్న రాళ్లు ఏరుకోవడానికి. గింజలు అరగడానికి వీటి కడుపులో ఇసుక రాళ్లు ఉండాలి

చాలామంది మూడోదాన్ని పట్టించుకోరు. గింజలు చల్లితే సరిపోతుందనుకుంటారు. కౌజు పిల్ల గుడ్డులోంచి వచ్చిన కొన్ని గంటలకే తల్లి వెంట నడుస్తుంది, మొదటి రెండు వారాలు దాదాపు పురుగుల మీదే బతుకుతుంది. చీమలు, చెదలు, చిన్న మిడతలు, ఆకుపురుగులు. గింజ దాని నోటికి పట్టదు, పట్టినా ఎదుగుదలకు చాలదు. ఇంగ్లండ్ పొలాల్లో అక్కడి కౌజులు తగ్గిపోవడానికి ఒక పెద్ద కారణం కలుపు మందులతో గడ్డి పోయి, గడ్డితో పాటు పురుగు పోయి, పిల్లలు ఆకలితో చావడమేనని అక్కడివాళ్లు దశాబ్దాల పాటు పొలాలు లెక్కగట్టి తేల్చారు. మన పత్తి చేలలో జరుగుతున్నదీ అదే దారి.

3. గెట్టును బతికించండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, సగం శ్రమ ఇక్కడే పెట్టండి.

ఎకరానికి రెండు గుంటలు వదిలితే చాలు. అంటే నలభైలో రెండు. అది కూడా పంట సరిగా రాని రాళ్ల మూల, వాన నీళ్లు కోసుకుపోయే వాలు, బాయి కట్ట, గెట్టు పొడవునా ఉన్న పట్టీ, ఇవన్నీ కలిపి లెక్కేయండి. గెట్టు మీద కనీసం ఆరడుగుల వెడల్పు ఉండాలి. రెండడుగుల గెట్టు మీద గూడు పెడితే ముంగిస ఆ వరుస పట్టుకొని నేరుగా నడిచి గుడ్లు తినేస్తుంది. వెడల్పు ఉంటే వెతకడం దానికి కష్టమవుతుంది.

పక్క రైతుతో ముందే మాట్లాడండి. మా దగ్గర గెట్టు పంచాయితీలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు, ఏటా నాగలి ఒక జానెడు లోపలికి జరుగుతూనే ఉంటుంది. "నా వైపు మూడడుగులు నేను వదులుతా, నీ వైపు మూడు నువ్వు వదులు" అంటే ఇద్దరికీ హద్దు కూడా స్థిరపడుతుంది.

ఎలా చేయాలంటే:

మొదటి ఏడు ఏమీ నాటకండి. దున్నకుండా, గడ్డి మందు కొట్టకుండా, జీవాలు మేపకుండా వదిలేసి ఏం మొలుస్తుందో చూడండి. గరిక, బోద గడ్డి, తంగేడు, రేగు వాటంతట అవే వస్తాయి. ఎర్ర చెల్కలో విత్తనం నేలలోనే ఉంటుంది.

వయ్యారిభామ వస్తే పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో పీకండి. దాన్ని వదిలేస్తే గడ్డిని మింగేస్తుంది. చేతికి తొడుగు వేసుకోండి, ఒంటికి పడనివాళ్లకు దురద, ఆయాసం వస్తాయి.

రెండో ఏడు, మృగశిర కార్తెలో వాన పడ్డాక, ఖాళీ ఉన్న చోట రేగు, వాక్కాయ, బందారు, వావిలి పెట్టండి. వరుసగా గోడలా వద్దు. ఇరవై, ముప్పై అడుగులకు ఒక గుంపు, మధ్యలో గడ్డి. గెట్టంతా ఒకే దట్టమైన కంచెగా మారితే పూరేళ్లు దాంట్లో ఉండవు.

పొద ఎదిగేదాకా కౌజుకు దాపు కావాలి కదా, దానికి తాత్కాలిక ఉపాయం ముల్లకంప. కొట్టిన తుమ్మకొమ్మలు, రేగుకంప వంద అడుగులకు ఒక కుప్ప వేయండి. కుప్ప కింద పిట్ట దూరేంత సందు ఉండాలి, అందుకని అడుగున రెండు లావు కట్టెలు అడ్డంగా పెట్టి వాటి మీద కంప వేయండి. నేలకు అదిమి వేసిన కంప పిట్టకు పనికిరాదు, ఎలుకలకే పనికొస్తుంది.

సర్కారు తుమ్మ ఉంటే మొత్తం ఒకేసారి పీకించకండి. అది బయటి నుంచి వచ్చిన చెట్టే, గడ్డిని ఎదగనీయదు, కానీ ఈ రోజు కౌజులు రాత్రి పడుకునేది దాని మీదే అయి ఉండొచ్చు. మూడేళ్లలో మూడు భాగాలుగా తీస్తూ ఆ చోట రేగు, నల్లతుమ్మ నిలబెట్టండి.

పాముల భయం గురించి అందరూ అడుగుతారు, న్యాయమైన భయమే. గడ్డి పెరిగితే ఎలుకలు, వాటి వెనక పాములు వస్తాయి. అందుకని మోటారు, స్టార్టర్ డబ్బా, బాయి మెట్లు, మీరు రోజూ నడిచే బాట చుట్టూ ఐదారు అడుగులు గడ్డి లేకుండా శుభ్రంగా ఉంచండి. రాత్రి కరెంటు వచ్చినప్పుడు పోతే బూట్లు, టార్చిలైటు తప్పనిసరి. పిట్టల గెట్టు ఎప్పుడూ ఇంటికి, మోటారుకు దూరంగా ఉన్నదే ఎంచుకోండి.

4. కోత, మంట: కార్తెలను చూసి చేయండి

ఆరేళ్ల కింద రోహిణి కార్తెలో నేను గెట్టు కాలబెట్టాను. అందరూ చేసేదే, దుక్కికి ముందు శుభ్రంగా ఉంటుందని. మంట ఆరాక కట్టె పట్టుకొని నడుస్తుంటే తంగేడు మోడు పక్కన ఏడు గుడ్లు కనబడ్డాయి. లేత గోధుమ రంగు పెంకులు ఒకవైపు నల్లగా మాడి, రెండు పగిలి ఉన్నాయి. పగిలినదాంట్లో ఈకలు వస్తున్న పిల్ల ఉంది. కాసేపటికి రేగు చెట్టు అవతల నుంచి కౌజు పిలుస్తూనే ఉంది, మాపటిదాకా పిలిచింది. ఆ రోజు తర్వాత నేను గెట్టుకు అగ్గి పెట్టలేదు.

కౌజు ప్రధానంగా గుడ్లు పెట్టేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. మనం గెట్లు కాల్చేది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో. వానాకాలం పూరేళ్లు, చుక్కల కౌజు వానలతో మొదలుపెడతాయి. పొద పూరేళ్లు వానలు వెనకబడ్డాక, చలికాలంలో కూడా పెడతాయి. అంటే పూర్తిగా ఖాళీ నెల అంటూ ఏదీ లేదు, అందుకే రెండు నియమాలు కలిపి పాటించాలి: ఏ పనైనా సంక్రాంతి లోపు ముగించాలి, ఏటా మూడో వంతు గెట్టే ముట్టుకోవాలి.

నెలలవారీగా ఇలా పెట్టుకోండి:

- నవంబరు, డిసెంబరు: గెట్టులో మూడో వంతు గడ్డిని జానెడు ఎత్తులో కోయండి, పశువులకు వేసుకోండి. కోసే ముందు కట్టెతో గడ్డిని నెమ్మదిగా కదిలిస్తూ ఒకసారి నడవండి
- జనవరి, సంక్రాంతి లోపు: ముల్లకంప కుప్పలు సరిచేయండి. బయటి హద్దు వెంట ఆరడుగుల పట్టీ గుంటుకతో గీకి బోడిగా ఉంచండి, పక్క చేను మంట మీ గెట్టులోకి రాకుండా ఆపేది ఇదే
- ఫిబ్రవరి, మార్చి: కూతల లెక్క. నీటి పళ్లేలు పెట్టడం మొదలు
- ఏప్రిల్ నుంచి సెప్టెంబరు: గెట్టు మీద కోత లేదు, మంట లేదు, జీవాలు లేవు. దుక్కి దున్నేటప్పుడు గెట్టుకు మూడడుగులు దూరం
- అక్టోబరు: పంట కోతలు. కోత ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో కింద రాశాను

యూట్యూబులో అమెరికావాళ్లు క్వెయిల్ అనే పూరేడు లాంటి పిట్ట కోసం గడ్డిని కాల్చే వీడియోలు చూసి కొందరు "వాళ్లు కాలుస్తున్నారు కదా" అంటున్నారు. వాళ్లు కాల్చేది అక్కడి పిట్ట గూడు పెట్టే కాలానికి ముందు, చలికాలం చివర, కొంత ముక్క మాత్రమే. మన దగ్గర మే ఎండలో పెట్టిన అగ్గి ముక్కలో ఆగదు, గుట్ట దాకా పోతుంది.

5. పంటలో చేయాల్సిన చిన్న మార్పులు

పత్తి మానేయమని చెప్పను, ఎవరి లెక్కలు వాళ్లవి. పత్తిలో ఎనిమిది, పది సాళ్లకు ఒక కంది సాలు వేయండి. కంది జనవరి దాకా నిలబడి ఉంటుంది, కింద ఆకు రాలి నీడగా ఉంటుంది, ఆ రాలిన ఆకులో పురుగు దొరుకుతుంది. ఆముదం, జొన్న, సజ్జ, కొర్ర వేసేవాళ్ల చేను పిట్టకు ఇంకా మంచిది.

జొన్న, సజ్జ కోశాక కొయ్యకాళ్లను వెంటనే దున్నేయకండి. నేల కింద పడ్డ గింజ సంక్రాంతి దాకా పూరేళ్లకు తిండి. ఒక మూల రెండు సాళ్లు కోయకుండా వదిలినా మంచిదే.

కోత పద్ధతి చాలా ముఖ్యం. చుట్టూ అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ పోతే పిట్టలన్నీ మధ్యలోకి చేరి, చివరి ముక్కలో కోత మిషను కింద పడతాయి. మధ్య నుంచి బయటికి కోయండి, లేకపోతే ఒక పక్క నుంచి మొదలుపెట్టి గెట్టు వైపు కోసుకుంటూ రండి. డ్రైవరుకు ముందే చెప్పండి, డీజిల్ పెద్దగా ఎక్కువ కాదు.

నల్గొండ వైపు బత్తాయి తోటలున్నవాళ్లకు ఇది ఇంకా తేలిక. చెట్ల మధ్య ఖాళీలను అన్నిటినీ ఒకేసారి గీకించకుండా ఒకటి విడిచి ఒకటి గడ్డి ఉంచండి, నెల తర్వాత మార్చండి. పాదులు శుభ్రంగా ఉంటే చెట్టుకు నష్టమేమీ లేదు.

ఎండిన పేడ అక్కడక్కడా పడి ఉండనివ్వండి. కౌజు కాలితో తిరగేసి కింద చెదలు ఏరుకుంటుంది. పొద్దున పూట పేడ చిప్పలు బోర్లాపడి ఉంటే మీ పని ఫలిస్తున్నట్టే.

6. మందుల దగ్గర జాగ్రత్త

- గెట్టు మీద గడ్డి మందు అసలు వద్దు. చేను అంచున చివరి నాలుగు సాళ్లకు పురుగుమందు కొట్టకుండా వదలండి, లేదా వేపనూనెతో సరిపెట్టండి
- గుళికల మందు గింజలా కనబడుతుంది, పిట్ట ఏరుకొని తింటుంది. ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచి నిషేధం. కార్బోఫ్యూరాన్ గుళికలు వేస్తే మట్టిలో కప్పకుండా వదలొద్దు, వీలైతే వాడనే వద్దు
- మందు పట్టించిన విత్తనం గొర్రు తిప్పే మూలల్లో, సంచి విప్పే చోట పడిపోతుంది. విత్తడం అయిపోగానే ఆ చోట్లు చూసి మట్టి కప్పండి
- ఎలుకల మందు పెడితే చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టండి, గద్దలు, గుడ్లగూబలు వాటిని తిని చస్తాయి

7. నీళ్లు: తక్కువ లోతు, ఎక్కువ జాగ్రత్త

కౌజు మంచు నీళ్లతో, పురుగుల తేమతో చాలావరకు సర్దుకుంటుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఉన్న చెల్కకే చేరుతుంది. శాండ్‌గ్రౌస్‌కు మాత్రం రోజూ నీళ్లు కావాల్సిందే, అందులో మగది పొట్ట ఈకలను నీళ్లలో తడిపి పిల్లలకు మోసుకుపోతుంది.

వెడల్పాటి మట్టి మూకుడు నేలలో పెదవి దాకా పాతి, లోపల గులకరాళ్లు వేసి, రెండంగుళాల నీళ్లు పోయండి. పొదకు పది, పదిహేను అడుగుల దూరంలో పెట్టండి. పొదకు ఆనించి పెడితే పిల్లి దాంట్లో నక్కి కూర్చుంటుంది, మరీ బయట పెడితే గద్దకు దొరుకుతుంది. రెండు రోజులకోసారి కడిగి నీళ్లు మార్చండి.

ప్లాస్టిక్ షీటు వేసిన ఫాం పాండ్ ఉన్నవాళ్లు ఇది ఈ రోజే చేయండి. ఆ జారుడు గోడ దిగిన పిట్ట పిల్ల, ఉడత, కుందేలు పైకి ఎక్కలేవు. నాలుగు మూలల్లో గోనెసంచులు కుట్టి తాడుతో కట్టి నీళ్లలోకి వేలాడదీయండి, లేదా ముడులు వేసిన పాత కొబ్బరితాడు వేయండి. మనుషుల పిల్లలు పడినా అదే తాడు పట్టుకుంటారు.

8. కుక్కలు, వలలు, ఉచ్చులు

గూళ్లను పాడుచేసేవాటిలో ముంగిస, ఉడుము, కాకి సహజం. వాటిని చంపకండి, గడ్డి బాగుంటే వాటి నుంచి కొన్ని గూళ్లు తప్పించుకుంటాయి. ఊర కుక్కల సంగతి వేరు, అవి గుంపుగా వస్తాయి. కోళ్ల వ్యర్థాలు, చచ్చిన జీవాలను చెల్కల దగ్గర పడేయడం ఆపితే కుక్కలు తగ్గుతాయి. మీ సొంత కుక్కను ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గెట్టు వైపు వదలకండి.

అడవి పందుల కోసం కట్టే నైలాను వలల్లో కౌజులు మెడ ఇరుక్కొని చస్తాయి. వలకు బదులు పాత చీరలు చుట్టండి, ఎలాగూ మన దగ్గర అలవాటే. కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి, మనుషులు చచ్చిపోతున్నారు.

ఉచ్చులు: గడ్డిలో సన్నటి బాటల మీద, గెట్టు సందుల్లో గుర్రపు వెంట్రుక గానీ నైలాను దారం గానీ ముడివేసి వరుసగా కట్టి ఉంటాయి. వారానికోసారి గెట్టు నడుస్తూ చూడండి. పంజరంలో కౌజును పెట్టి దాని కూతతో మిగతావాటిని రప్పించి పట్టేవాళ్లు కూడా ఉన్నారు. కనబడితే మీరే గొడవకు దిగకండి, ఫొటో తీసి అటవీ బీట్ ఆఫీసరుకు చెప్పండి. ఆ నంబరు ఇప్పుడే తీసుకొని ఫోన్‌లో పెట్టుకోండి.

9. గూడు కనబడితే

దున్నేటప్పుడు పిట్ట కాళ్ల దగ్గర నుంచి లేచిందంటే ట్రాక్టరు ఆపండి.

- గూటికి రెండు మీటర్ల దూరంలో నాలుగు వైపులా గుర్తుగా కట్టెలు పాతండి, గూటి పక్కనే గుర్తు పెడితే కాకికి చూపించినట్టే
- ఆ ముక్క దున్నకుండా వదలండి. పొదుగుడు సుమారు మూడు వారాలు, ఆ తర్వాత ఒక్క రోజులోనే పిల్లలు వెళ్లిపోతాయి, అప్పుడు దున్నుకోవచ్చు
- గుడ్లు ముట్టుకోవద్దు, రోజూ పోయి చూడొద్దు
- ఇంటికి తెచ్చి నాటుకోడి కింద పెట్టడం మన ఊళ్లలో పాత అలవాటు. అది నేరం, పైగా అలా పుట్టిన పిల్ల కోళ్లతో తిరిగి, కుక్కకు దొరికి చస్తుంది

ఒక్క పిల్ల ఒంటరిగా కనబడినా ఎత్తుకోకండి. తల్లి పదడుగుల్లోనే దాక్కొని ఉంటుంది. మీరు వెనక్కి జరగండి, ఐదు నిమిషాల్లో పిలుస్తుంది.

10. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి మార్గం

ఫారం కౌజులు కొని వదలడం. అవి జపనీస్ క్వెయిల్, మన పూరేడు కాదు. తరాలుగా బోనుల్లో పెరిగి పొదగడమే దాదాపు మరిచిపోయాయి, బయట వదిలితే కొన్ని రోజుల్లోనే కుక్కలకు, గద్దలకు పోతాయి. బతికినవి అడవి పూరేళ్లతో కలిస్తే జాతి చెడుతుంది. వదలాలనిపిస్తే ఆ డబ్బుతో రేగు మొక్కలు, గోనెసంచులు కొనండి.

కుప్పగా గింజలు పోయడం. ఒక్కచోట పోస్తే పిట్టలన్నీ అక్కడికే చేరతాయి, వాటి వెంట పిల్లీ గద్దా చేరతాయి, జబ్బు కూడా అక్కడే అంటుతుంది. బూజు పట్టిన పల్లీలు అసలే వేయకూడదు. నాటుకోళ్లు ఉన్నవాళ్లు, వాటి జబ్బు పిట్టలకు అంటకుండా, కొక్కెర తెగులు టీకా సమయానికి వేయించండి.

బీడును ఖాళీ భూమి అనుకోవడం. గడ్డి బీడులో గుంతలు తీసి దట్టంగా చెట్లు నాటితే శాండ్‌గ్రౌస్, పొద పూరేళ్లు వెళ్లిపోతాయి. ఇప్పటికే నాటి ఉంటే మధ్యలో విశాలమైన గడ్డి ఖాళీలు ఉంచండి.

మొదటి ఏడే ఫలితం చూసి వదిలేయడం. మా దగ్గర మొదటి ఏడు ఏమీ రాలేదు, రెండో ఏడు చివర ఒక జత కూసింది.

11. ఏటా లెక్క రాసుకోండి

చెల్కలో మూడు చోట్లు ఎంచుకొని, ఫిబ్రవరి రెండో వారంలో వరుసగా మూడు తెల్లవారుజాములు ఒక్కో చోట పది నిమిషాలు నిలబడండి. గాలి, మబ్బు ఉన్న రోజు వద్దు. ఎన్ని దిక్కుల నుంచి కూత వచ్చిందో అదే జతల లెక్క, ఒకే పిట్ట పదిసార్లు కూస్తే పది కాదు. మళ్లీ ఆగస్టులో పూరేళ్ల రెండు దెబ్బల కూత కోసం ఇలాగే చేయండి. అక్టోబరులో గెట్టు నడిచేటప్పుడు పిల్లలతో ఎన్ని గుంపులు లేచాయో, ఒక్కో గుంపులో ఎన్నో రాసుకోండి. పెద్దవి ఉండి పిల్లలు లేకపోతే పురుగు చాలడం లేదని అర్థం, మందుల దగ్గర, గెట్టు వెడల్పు దగ్గర చూడండి. పిల్లలు ఉండి ఫిబ్రవరికి జతలు తగ్గితే చలికాలంలో దాపు గానీ ఉచ్చులు గానీ కారణం.

పుస్తకంలో తేదీ, చోటు, కూతలు, వాన పడ్డదా లేదా, ఈ నాలుగు గడులు చాలు. పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో కూడా ఎక్కించండి, కానీ గూడు ఉన్న చోటు ఫొటోలు, లొకేషన్ మాత్రం ఎక్కడా పెట్టకండి. పోయిన ఫిబ్రవరిలో మా మూడు చోట్ల నుంచి ఐదు దిక్కుల్లో కూత వినబడింది. ఐదోది గెట్టు కాల్చిన ఆ తంగేడు మోడు వైపు నుంచి.